బావగారి యాంటెన్నా

బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఇక్కడ నా మోకాళ్లు తప్ప అందరం కులాసా.

నా చేతిరాత చూసి ఎవరికో ఏదో అయిందని కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నా బాధ. ఉద్యోగం దిగి ఏడాదయింది. ముప్పై ఒక్క ఏళ్లు ఊళ్లోవాళ్ల లిఫ్టులన్నీ బాగుచేసి, చివరికి లిఫ్టు లేని మేడలో నాలుగో అంతస్తున చిక్కుకుపోయాను. అరవై ఎనిమిది మెట్లు. దిగితే ఎక్కలేను, ఎక్కలేను కాబట్టి దిగను. మీ అక్క పొద్దున్నే కింద కుట్టు షాపుకు వెళ్లిపోతుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ గిరాకీల కోసం ఆమెతోనే వెళ్లిపోతుంది. నేనూ, కిటికీ, గోడగడియారం మిగులుతాం. ఆ గడియారం కూడా ఈ మధ్య ఆగి ఆగి తిరుగుతోంది.

అసలు సంగతికొస్తాను. నువ్వు ఇరవై ఏళ్లుగా రేడియోల్లో మాట్లాడుతున్నావు కదా, పాటల రేడియో కాదు, ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ మాట్లాడేది. నాకు అలాంటిదొకటి కావాలి. ఒక మనిషితో మాట్లాడాలి. ఏది ఎంచుకోవాలో, యాంటెన్నా ఎలా కట్టాలో రాయి.

ఇట్లు,
మీ బావ

తా.క. ఎవరితో అని అడగకు. ఈ సంగతి మీ అక్కకు తెలియకూడదు. జవాబు ఎదురింటి టీచరమ్మ చిరునామాకు రాయి.

*

పూజ్యులైన బావగారికి,

బావమరిది నమస్కారాలు. రోజంతా మిక్సీ మోటార్లు చుట్టి చుట్టి వేళ్లు కొంకర్లు పోయి, ఇక ఈ జన్మకింతే అనుకుంటున్న వేళ మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఈ ఇరవై ఏళ్లలో మన చుట్టాల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నన్ను యాంటెన్నా గురించి అడిగిన పాపాన పోలేదు. మా ఆవిడైతే ఆ మాట ఎత్తితేనే వంటింట్లోకి వెళ్లిపోతుంది.

బావగారూ, అందరూ ముందు రేడియో కొంటారు. తప్పు. ముందు ఎంత దూరం మాట్లాడాలో తేల్చుకోవాలి. పక్క వీధికైతే చేతిలో పట్టేది చాలు. దేశాలు దాటాలంటే పెద్ద సెట్టు, పొడుగాటి తీగ కావాలి. తీగ బాగుంటే పాత సెట్టు కూడా పలుకుతుంది. తీగ బాగాలేకపోతే ఎంత కొత్త సెట్టయినా మూగదే. మాట్లాడటానికి లైసెన్సు పరీక్ష రాయాలి. అందాకా వినండి చాలు.

మీరు పరాయివారు కాదు కనుక నా పాత పెద్ద సెట్టు, తీగ, తీగ కుదిరిందో లేదో చూపే మీటరు పార్సిల్లో పంపుతున్నాను. తీగను మిద్దెమీద నడుమ గడ కట్టి, రెండు చేతులు చాచినట్టు అటు పది మీటర్లు, ఇటు పది మీటర్లు లాగండి. ఎత్తు ముఖ్యం. దూరమెంతో, మధ్యలో ఏమేం అడ్డున్నాయో రాయండి.

ఇట్లు,
బావమరిది

తా.క. ఊరికే అడుగుతున్నాను. అవతలివారు మగవారా, ఆడవారా?

*

బావమరిదికి,

ఆశీస్సులు. పార్సిలు అందింది. పైకి తెచ్చినవాడు నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను.

మిద్దెమీదికి మరో పదిహేడు మెట్లు. గంట పట్టింది. టీచరమ్మ గడ పట్టుకుంది, నేను తీగ లాగాను. పాపం ఆవిడ కూడా రోజంతా పిల్లల దగ్గర అరిచి వచ్చిన మనిషి, గడ పట్టుకునే నిలబడి కునుకు తీసింది. గడ వంగింది కానీ పడలేదు.

దూరమెంతని అడిగావు. నాకైతే చాలా దూరం. ఒకప్పుడు రోజుకు రెండుసార్లు వెళ్లి వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ ఆశ లేదు. మధ్యలో ఏముందంటే అంతా కాంక్రీటు.

అవతల ఆడమనిషే. నీ దగ్గర దాపరికం ఎందుకు? వయసులో ఉన్నప్పుడు గంటలు గంటలు కబుర్లాడుకునేవాళ్లం. ఈ ఏడాదిగా ఒక్క మాట సరిగ్గా లేదు. తప్పు ఎవరిదో తెలియదు. గొంతు వింటే చాలనిపిస్తోంది.

ఇట్లు,
మీ బావ

తా.క. నీ తీగ భలే గట్టిది. తడి దుప్పటి ఆరేసినా సాగలేదు.

*

బావగారికి,

నమస్కారాలు అని రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆరు రోజులు ఈ ఉత్తరం రాయాలా వద్దా అని ఆలోచించాను. మా అక్క మీకేం తక్కువ చేసింది? పొద్దస్తమానం మిషను తొక్కి కాళ్లు వాచిపోతున్నాయి ఆమెకు. ఈ వయసులో మీకు ఇంకో గొంతు వినాలనిపించిందా? పైగా ఒకప్పుడు రోజుకు రెండుసార్లు వెళ్లి వచ్చేవారా? మేమంతా మీరు లిఫ్టులు బాగుచేస్తున్నారనుకున్నాం!

ఇక్కడితో కలం మూసేద్దామనుకున్నాను. కానీ యాంటెన్నా మీద తడి దుప్పటి ఆరేసిన మనిషిని అలా వదిలేయడానికి చేతులు రాలేదు. దయచేసి తీసేయండి. తీగకు గాలి తప్ప ఏదీ తగలకూడదు. తీగను సెట్టుకు కలిపే జాయింటు మీద నీళ్లు పడకుండా టేపు చుట్టండి. గడ వంగిందన్నారు, నిటారుగా కట్టండి.

ఇట్లు,
మీ బావమరిది (ప్రస్తుతానికి)

తా.క. మీ మొహం చూడాలని లేదు. తీగ సరిగ్గా కుదిరి, ఏదైనా గొంతు వినపడితే మాత్రం ఏ దేశమో రాయండి.

*

బావమరిదికి,

ఆశీస్సులు. దుప్పటి విషయంలో నీకింత కోపం వస్తుందనుకోలేదు. కుటుంబం మొత్తాన్ని అందులోకి లాగావు. మీ అక్కకేం తక్కువని అడిగావు. అసలా దుప్పటి మీ అక్కది కాదు, టీచరమ్మది.

తీసేశాం. టేపు చుట్టాను. గడ నిటారుగా కట్టాం. మూడు రోజుల కిందట సెట్టు పెడితే ఒరేయ్, ప్రపంచం మొత్తం మా ముందుగదిలో కూర్చుంది! ఏ సముద్రం అవతలో ఒకాయన దగ్గుతున్నాడు. ఆ దగ్గు ఇక్కడ స్పష్టంగా వినపడుతోంది. ఇంకొకాయన వాళ్ల ఊళ్లో వాన గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. భాష తెలియలేదు, విసుగు మాత్రం తెలిసింది.

కానీ నాకు కావలసిన మనిషి వినపడటం లేదు. ముల్లు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాను. మూడు రోజులు, మీ అక్క పైకొచ్చేలోగా సెట్టు మంచం కింద దాచేస్తూ, చెవి ఆనించి కూర్చున్నాను. లేదు. చెవి మాత్రం ఎర్రబడింది.

ఇట్లు,
మీ బావ

తా.క. చిన్న సందేహం. అవతలి మనిషి దగ్గర కూడా రేడియో ఉండాలా?

*

బావగారికి,

నాకు ఓపిక అయిపోయింది. ఉత్తరం చదివి, చేతిలో ఉన్న మిక్సీని బల్లమీద పెట్టి, షాపు షట్టరు సగం దించి కూర్చున్నాను.

ఉండాలి బావగారూ. అవతల కూడా రేడియో ఉండాలి. ఉండి తీరాలి. ఈ ప్రశ్న నన్నింతవరకు ఎవరూ అడగలేదు.

ఇక రెండో సంగతి. టీచరమ్మ దుప్పటి మీ తీగమీద ఎందుకు ఆరుతోంది? గడ పట్టుకునేదీ ఆవిడే, ఉత్తరాలు అందుకునేదీ ఆవిడే. అయితే సముద్రాల అవతల ఎవరూ లేరన్నమాట! ఎదురింటి తలుపు కొట్టడానికి మీకు ఇరవై మీటర్ల యాంటెన్నా కావలసివచ్చిందా? చదువుకున్న మనిషి, పదిమంది పిల్లలకు పాఠం చెప్పే మనిషి, ఆవిడకైనా బుద్ధి ఉండొద్దా?

ఆవిడెవరో మీ చేత్తో రాయండి. లేకపోతే వచ్చే ఆదివారం నేనే వచ్చి అక్కతో అన్నీ చెప్తాను. నాకు ప్రయాణాలు పడవు, బస్సులో నడుము పట్టేస్తుంది. అయినా వస్తాను.

ఇట్లు,
మా అక్క తమ్ముడు

తా.క. దగ్గిన ఆయన గొంతు బొంగురుగా, కాస్త సాగదీసినట్టు ఉందా? అయితే ఆయన నాకు తెలుసు. అడిగానని చెప్పలేరు కదా, లైసెన్సు లేదు మీకు.

*

బావమరిదికి,

ఆశీస్సులు. రావద్దు. నడుము జాగ్రత్త.

ఆ మనిషి మీ అక్కేరా.

అరవై ఎనిమిది మెట్ల కింద ఉంది. నాకు అది ఏ సముద్రానికీ తీసిపోదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు మధ్యాహ్నం టీకి ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ షాపులో స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఆమె కుడుతూ చెప్పేది, నేను వినేవాణ్ణి. ఏ ప్యాంటుకు నడుం ఎన్ని అంగుళాలు పెరిగిందో, అది ఎవరిదో, అన్నీ చెప్పేది. ఇప్పుడు ఆమె పైకొచ్చేసరికి ఒళ్లు హూనమై ఉంటుంది. "తిన్నారా" అంటుంది. "తిన్నాను" అంటాను. గోడవైపు తిరిగి పడుకుంటుంది. లేపి "నాతో మాట్లాడు" అని ఏ మొహంతో అడగను? సంపాదిస్తున్నది ఆమె, ఖాళీగా కూర్చున్నది నేను. పెళ్లాంతో మాట్లాడటానికి రేడియో కావాలంటే బావమరిది దగ్గర నవ్వులపాలవుతానని నీకు చెప్పలేదు. దాచినందువల్ల దానికి మించిందే అయ్యింది.

నీ పెద్ద సెట్టు తిరిగి పంపమంటే పంపుతాను.

ఇట్లు,
మీ బావ

తా.క. నా కళ్లజోడు విరిగింది. అందుకని నీ ఉత్తరం టీచరమ్మే చదివి వినిపించింది. ఆవిడ గురించి నువ్వు రాసిన పేరాలో రెండు అక్షరదోషాలు ఉన్నాయట. ఎర్రసిరాతో దిద్ది ఇచ్చింది. జత చేస్తున్నాను. ఈ ఉత్తరం కూడా నేను చెబుతుంటే ఆవిడే రాసింది.

*

బావగారికి,

పాదాభివందనాలు. సిగ్గుగా ఉంది. టీచరమ్మగారికి నా క్షమాపణలు చెప్పండి. దిద్దిన కాయితం దాచుకున్నాను.

జేబులో పట్టే చిన్న రేడియోలు రెండు పంపుతున్నాను. ఈ రకానికి లైసెన్సు అక్కర్లేదు. యాంటెన్నా దానిమీదే వేలంత ఉంటుంది, దానిమీద ఏదీ ఆరేయడం కుదరదు. ఒకటి అక్కకు ఇవ్వండి. కాంక్రీటు అడ్డమే కానీ మీ మెట్ల దారి గుండా మాట దిగుతుంది. బటను నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. రెండూ ఒకేసారి కుదరవు. మాట ముగిస్తే "ఓవర్" అనాలి.

ఇట్లు,
బావమరిది

తా.క. "తిన్నారా, తిన్నాను" కోసం వీటిని వాడకండి. బ్యాటరీ దండగ.

*

ఒరేయ్ తమ్ముడూ,

అక్క దీవెనలు. కాళ్లవాపు అలాగే ఉంది, మిగతాదంతా బాగానే ఉంది. షాపులో కూర్చుని రాస్తున్నాను, నూనె మరక పడితే ఏమీ అనుకోకు.

నువ్వు పంపినవి అందాయి. ఒకటి మీ బావ బుట్టలో పెట్టి తాడుతో కిందికి దించారు. మొదటిరోజు బటను నొక్కి "తిన్నావా, ఓవర్" అన్నారు. "తిన్నాను, ఓవర్" అన్నాను. మూడు రోజులూ అంతే. ఏడాదిగా మేం మాట్లాడుకుంటున్నదీ అంతే, ఓవర్ ఒక్కటే కొత్త.

నాలుగోరోజు బటను నొక్కిపట్టుకుంటే బొటనవేలు నొప్పెడుతోందని దానికి రబ్బరు బ్యాండు వేశారు. అది ఉన్నంతసేపు ఆయన మాట నాకు వినపడుతుంది, నా మాట ఆయనకు వినపడదు. ఎంత అరిచినా లాభం లేదు. కాపురంలో నాకిది కొత్తేం కాదు.

అది తీయడం మరిచిపోయారు. నేను ఒకాయన ప్యాంటు నడుం కుట్లు విప్పుతూ వింటున్నాను. "ఇవాళ మబ్బుగా ఉంది, ఓవర్. ఛ, ఇది మరీ చప్పగా ఉంది. నిన్న షాపుకు ఎవరెవరు వచ్చారు, ఓవర్. ఇదీ బాగాలేదు." అలా పావుగంట సాధన చేశారు. చదివిన పాఠం అప్పజెప్పబోయేవాడిలా. తర్వాత తలుపు చప్పుడు. ఒక మూలుగు. "ఒకటి." ఇంకో మూలుగు. "రెండు."

నా చేతిలో సూది ఆగిపోయింది. ఆ మనిషి మెట్లు దిగుతున్నారు! బటను నొక్కి "ఆగండి" అని అరిచాను. వినపడదు కదా. అంకెకూ అంకెకూ మధ్య ఒక్కో మూలుగు. "ముప్పై నాలుగు" అన్నారు. ఆ తర్వాత ఏమీ లేదు, ఊపిరి చప్పుడు తప్ప. కత్తెర, ప్యాంటు, టేపు అన్నీ అక్కడే పడేసి పరిగెత్తాను. నేను పరిగెత్తి ఎన్నేళ్లయిందో నాకే తెలియదు.

రెండో అంతస్తు మెట్టుమీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. పడలేదు.

"ఎక్కడికి బయలుదేరారు?" అన్నాను.

"ఎక్కడికీ లేదు. రోజూ ఇక్కడిదాకా వస్తాను."

"రోజూనా? ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం నుంచి. ఇక్కడ కూర్చుంటే నీ మిషను చప్పుడు వినపడుతుంది. కాసేపు విని పైకి పోతాను."

"పిలవచ్చు కదండీ!"

"పిలిస్తే నీ పని చెడిపోతుందని."

నేనూ ఆ మెట్టుమీదే కూలబడ్డానురా. నా సంగతి కూడా చెప్పాను. పైకి రాగానే గోడవైపు తిరిగేది నిద్రతో కాదు. "తిన్నాను" అని అంత ముక్తసరిగా అంటుంటే, ముప్పై ఏళ్లు నా వాగుడు విని విని ఈయనకు విసుగొచ్చింది, ఇప్పటికైనా ప్రశాంతంగా ఉండనిద్దాం అనుకున్నాను. నా మాటలకు ఆయన విసిగారని నేను, నా విశ్రాంతికి తాను అడ్డమని ఆయన. ఇద్దరం ఒకరికొకరం మేలు చేసుకుంటూ ఏడాది గడిపేశాం. ఆ తర్వాత గంటన్నర మాట్లాడుకున్నాం. కొంచెం పోట్లాడుకున్నాం. కొంచెం ఏడ్చాం. అత్తగారి సంగతులు, పెళ్లయిన మూడో ఏట నేను అలిగి పుట్టింటికి వెళ్లిన సంగతి, అన్నీ వచ్చాయి.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం రెండింటికి షాపు వదిలి నేను రెండు అంతస్తులు ఎక్కుతాను, ఆయన రెండు దిగుతారు. మెట్టుమీద కలిసి తింటాం. సోమవారం మోకాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. కుర్చీలో కూర్చోబెట్టి దించడానికి టీచరమ్మ మనుషుల్ని మాట్లాడింది.

నువ్వు కాస్త వేళకు తిను, ఆ మిక్సీలు ఎక్కడికీ పోవు. మీ ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడు, యాంటెన్నా గురించి కాకుండా.

ఇట్లు,
మీ అక్క

తా.క. ఈ సంగతి మీ బావకు చెప్పకు. ఆ రోజు మెట్టుమీద మేం మాట్లాడిన గంటన్నరా ఆయన జేబులోని రేడియోకు రబ్బరు బ్యాండు అలాగే ఉంది. కింద షాపులో నా రేడియో బల్లమీద గట్టిగా మోగుతూనే ఉంది. నేను తిరిగొచ్చేసరికి నలుగురు గిరాకీలు, ప్యాంటు ఇంకా కాని ఆ పెద్దమనిషితో సహా, వరసగా కూర్చుని ముక్కులు చీదుతున్నారు. అప్పట్నుంచి నా బట్టలు ఎప్పుడవుతాయని ఎవరూ తొందరపెట్టడం లేదు. నిన్న ఒకావిడ జాకెట్టు తీసుకుంటూ, "అమ్మా, మూడో ఏట అలిగి వెళ్లినప్పుడు ఎన్నాళ్లున్నారు? అక్కడ సరిగ్గా వినపడలేదు" అని అడిగింది.