రెండో హ్యాండిల్

జహీరాబాద్, ఆదివారం రాత్రి, 1984

దుబాయికి తిరుగు ప్రయాణమవుతూ బామ్మర్ది అడిగాడు. "బావా, టీవీ ఆటకు ఇంకో హ్యాండిల్ తేవాల్నా? ఇద్దరు కల్సి ఆడుకుంటరు."

టీవీకి తగిలించి, ఇద్దరు చెరో హ్యాండిల్ తిప్పుతూ తెర మీద చెరో బ్యాట్‌తో బంతిని కొట్టే ఆట అది. రెండో హ్యాండిల్ మా పెద్దోడిది. వాడు పోయాక, చనిపోయినవాళ్లు వాడినవి ఇంట్లో ఉంచకూడదని, బట్టలతో పాటు దాన్నీ మూటగట్టి పంపేశాం.

అది లేక తెర మీద వాడివైపు బ్యాట్ ఓ మూల వణుకుతూ ఉంటుంది. వాడి చెల్లెలు, మా చిన్నది, రోజూ ఒక్కతే ఆడుతుంది. ఒక్కోసారి బంతి ఆ బ్యాట్‌కు తగిలి తిరిగొస్తుంది. అప్పుడు నవ్వుతుంది.

"తెమ్మనుండ్రి, పిల్లకు తోడు ఎవరన్న ఆడతరు," అంది మా ఆవిడ.

చిన్నది తెర మీంచి చూపు తిప్పలేదు.

"కొత్తది పెడితే అన్న ఏడికి పోవాలె నాయినా?"