ఊదా తలుపూ, ఒక పరుగువాడూ

గ్రీన్ బే పక్క పల్లె
ఆగస్టు మొదటి వారం

మాడిసన్‌లో చదువు వెలగబెడుతున్న మేనల్లుడు ఎమెట్‌కు,

నార్బర్ట్ మావయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం, కారు షెడ్డు తలుపు తప్ప.

దాని సంగతి నీకు తెలిసిందే. మా రిటైరైన పోస్టుమాన్ల ఫుట్‌బాల్ లీగులో ఉన్నవి ఎనిమిది ఉత్తుత్తి జట్లు. అసలు ఆటగాళ్ళ పేర్లు మేము పంచుకుంటాం. వాళ్ళు ఆదివారం మైదానంలో ఒళ్ళు హూనం చేసుకుని తెచ్చిన పాయింట్లు మా పద్దులో వేసుకుంటాం. ఆ విధంగా ఈ వయసులో కూడా సీజనంతా ఆడేస్తున్నాం. చిట్టచివర వచ్చినవాడు మాత్రం ఏడాది పొడుగునా షెడ్డు తలుపుకు మన బద్ధశత్రువులైన మిన్నెసోటా జట్టువాళ్ళ ఊదా రంగు వేసుకోవాలి. వరసగా రెండేళ్ళు నేనే వేసుకున్నాను. మూడోసారీ నేనే అయితే ఉత్తరాల డబ్బాకు కూడా ఊదా పుయ్యాలని లీగు పెద్ద విల్మర్ జెనెస్ కొత్త రూలు పెట్టాడు. జన్మంతా ఊరందరి డబ్బాల్లో ఉత్తరాలు వేసినవాణ్ణి, నా డబ్బాకా ఆ గతి?

మీ డొలోరిస్ అత్తయ్య నలుగురిలో తలెత్తుకోలేకపోతోంది. ఊదా తలుపు దగ్గర కూర్చుంటే బీరు గొంతు దిగదని మావాళ్ళు ఆదివారం ఆట చూడ్డానికి ఇక్కడికి రావడం మానేశారు.

అందుకే ఈ ఏడు నిన్ను భాగస్వామిగా చేర్చుకున్నాను. లెక్కలు చదువుతున్నావు కదా. అట్టడుగున ఉన్నవాణ్ణి కాబట్టి మొదటి ఎంపిక నాది. ఎవరు కావాలో ఒక కార్డు మీద రాసి, సెప్టెంబరులో వచ్చే లేబర్ డే ముందటి శనివారంలోగా పోస్టు ముద్ర పడేట్టు విల్మర్‌కు పంపాలి. తప్పితే వరసలో చివరికి నెట్టేస్తారు. నేను రన్నింగ్ బ్యాక్ డారియన్ ఓక్స్ పేరు రాద్దామనుకుంటున్నాను. బంతి చంకలో పెట్టుకుని మనుషుల్ని గుద్దుకుంటూ పరిగెత్తేవాడు లేని జట్టు కూడా ఒక జట్టేనా? నీ అభిప్రాయం వివరంగా రాయి. నాతో ఏకీభవించేట్టయితే ఇంకా వివరంగా రాయి.

ఇట్లు,
మావయ్య

తా.క. ఫోను చెయ్యకు. లీగు వ్యవహారాలు పోస్టులోనే నడవాలి. మా ఉద్యోగాలను మింగిన యంత్రంతో మా ఆట గురించి మాట్లాడేది లేదు.

తా.క. మళ్ళీ: ఎమెట్, ఇది అత్తయ్యను. కవరు జిగురు నాలుక్కి పడదని మావయ్య అంటించే పని ఎప్పుడూ నాకే ఇస్తాడు. అందుచేత ఇక్కడ కాస్త చోటు దొరికింది. వేళకు తిను.


మాడిసన్

ఎనిమిది జట్లలో ఎనిమిదవ జట్టుకు ఏకచ్ఛత్రాధిపతి అయిన నార్బర్ట్ మావయ్య సముఖానికి,

మేనల్లుడు ఎమెట్ టోపీ తీసి విన్నవించుకునేది ఏమనగా: వద్దు.

పరుగువాణ్ణి మొదట్లోనే తీసుకోవడం అంటే రంగు డబ్బా ముందే కొని పెట్టుకోవడం. మన ఊరి తాజా చీజు ముక్కలు మొదటి రోజు పళ్ళ కింద కీచుమంటాయి, మర్నాటికి రబ్బరవుతాయి. పరుగువాళ్ళూ అంతే. బంతి చేతికొచ్చిన ప్రతిసారీ అరడజను మంది మీద పడతారు. ఏ ఎముక ఓపికకైనా ఒక హద్దు ఉంటుంది కదా. మీరు మొదటి ఎంపికగా తెచ్చిన ఇద్దరు పరుగువాళ్ళూ ఏమయ్యారో గుర్తు చేసుకోండి. మొదటివాడికి మోకాలు పోయింది. రెండోవాడికి మడమ పోయింది. మీకు తలుపు పోయింది.

దూరంగా నిలబడి బంతి అందుకునే రిసీవరు అలా కాదు. పట్టాడా, గీత దాటి పక్కకు తప్పుకున్నాడా, ఒంటికి దుమ్మంటదు. పదేళ్ళ లెక్కలు తీశాను. మొదట రిసీవర్ను తీసుకుని, పరుగువాళ్ళను తర్వాత ఏరుకున్నవాళ్ళే పైన ఉన్నారు. కాబట్టి కార్డు మీద కెల్విన్ ప్రాస్ అని రాయండి. అందంగా రాయండి, అతను అందుకు అర్హుడు.

విధేయుడు,
ఎమెట్

తా.క. ఇదే విషయం మీద క్లాసులో వ్యాసం రాశాను. ప్రొఫెసరుగారు 'ఆలోచన బాగుంది, రాసిన మనిషి మీదే సందేహం' అని రాసిచ్చారు.


గ్రీన్ బే పక్క పల్లె

మహాపండితుడు ఎమెట్‌కు,

నీ ఉత్తరం శుక్రవారం చర్చి హాల్లో చేపల విందు దగ్గర పైకి చదివాను. చీజు ముక్కల దగ్గరకొచ్చేసరికి లీగంతా బల్లలు పట్టుకుని నవ్వింది.

"ఈ కుర్రాడి చదువుకు డబ్బు కడుతున్నది ఎవరోయ్?" అన్నాడు విల్మర్.

"వాళ్ళమ్మ."

"పాపం, ఆవిడకు ఇంకో చేపముక్క వెయ్యండి" అన్నాడు.

మీ అమ్మ ఈ ఊళ్ళోనే లేదని చెప్పినా వినకుండా వేయించాడు. అది నేనే తిన్నాను.

ఒరేయ్, మీ తాత హైస్కూలు జట్టులో పరుగువాడే. మోకాలు విరిగింది, నిజమే. ఆ విరిగిన మోకాలితోనే కుంటుకుంటూ వెళ్ళి మీ అమ్మమ్మను పెళ్ళాడమని అడిగాడు. రిసీవరయి ఉంటే గీత దాటి పక్కకు తప్పుకునేవాడు, నువ్వు పుట్టేవాడివి కావు. ఇది నీ పదేళ్ళ లెక్కల్లో ఉందా?

ఓక్స్‌నే రాస్తున్నాను.

ఇట్లు,
మావయ్య

తా.క. వచ్చే ఉత్తరంలో కూడా ఏదైనా తిండి పోలిక పెట్టు. మావాళ్ళు అడుగుతున్నారు.

తా.క. మళ్ళీ: ఎమెట్, అత్తయ్యను. పైకి అలా రాశాడు గానీ, హాల్లో అందరూ నవ్వినందుకు నీ తరఫున చిన్నబోయాడు. ఇంటికొచ్చి చేప ముట్టలేదు, బ్రాందీ కూడా సగం వదిలేశాడు. కిటికీ దగ్గర నిలబడి తలుపు వంకే చూస్తున్నాడు. పెద్దవాడు, నొప్పించకు. నేను చెప్పానని అనకు.


మాడిసన్

ప్రాణసమానులైన మావయ్యకు,

మీరు చేప ముట్టడం లేదని, బ్రాందీ సగం వదిలేస్తున్నారని ఒక నమ్మకమైన వర్గం ద్వారా తెలిసి నాకు చదువు సాగడం లేదు. దయచేసి తినండి. ఫుట్‌బాల్ వస్తుంది, పోతుంది, మీరు ఉండాలి. కిటికీ దగ్గర అంతసేపు నిలబడకండి, చల్లగాలి తగులుతుంది.

పరుగువాళ్ళ విషయంలో శాస్త్రం శాస్త్రమే. కానీ శాస్త్రానికి మేనమామ లేడు, నాకున్నారు. నాకు రెండు రోజులు గడువివ్వండి.

మీ ఆరోగ్యాన్ని కోరే,
ఎమెట్

తా.క. కనీసం బ్రాందీ అయినా పూర్తి చెయ్యండి.


గ్రీన్ బే పక్క పల్లె
శుక్రవారం

బాబూ ఎమెట్,

చేప ముట్టనిదెవరు? మీ అమ్మ ముక్కతో కలిపి మూడు తిన్నాను. బ్రాందీ వదిలినట్టు నా చరిత్రలో లేదు. ఆగస్టులో చల్లగాలేమిటి?

ఉత్తరం అత్తయ్యకు చూపించాను. ఆవిడ చదివి, చాలాసేపు నా వంక చూసి, "పిల్లాడికి దిగులు పట్టుకుంది, లేనివి ఊహించుకుంటున్నాడు. నువ్వు హాల్లో నవ్వులపాలు చెయ్యడం వల్లే" అంది. నాకు సాసేజీ రుచించలేదు. ఈసారి నిజంగానే.

తలుపుదేముంది, చెక్క. కావాలంటే ఉత్తరాల డబ్బా కూడా పోనీ. నీ మనసు బాగుండాలి. నీ ప్రాస్‌నే తీసుకుందాం. కార్డు నువ్వే నీ చేత్తో రాసి అక్కడి నుంచే విల్మర్‌కు పంపు. రేపటికి ఇది నీకు అందుతుంది, రేపే ముద్ర వేయించు. నేను ఇక్కడ నుంచి ఏమీ పంపను.

ఇట్లు,
తగ్గిన మావయ్య

తా.క. ఈ ఉత్తరం హాల్లో చదవను.


మాడిసన్
శుక్రవారం

పూజ్యులైన మావయ్యకు,

రెండు రోజులు ఆలోచించాను. రాత్రి కలలో తాతయ్య కుంటుకుంటూ వచ్చి 'నీకేం తక్కువ చేశానురా?' అన్నాడు. ఓక్స్‌నే తీసుకుందాం. కార్డు మీరే మీ చేత్తో రాసి పంపండి, నా నుంచి ఏ కార్డూ రాదు.

ఓడిపోయిన శాస్త్రం తరఫున,
ఎమెట్

తా.క. రంగు వెయ్యడానికి సెలవు పెట్టి వస్తాను.


గ్రీన్ బే పక్క పల్లె
సెప్టెంబరు

ఒరేయ్ ఎమెట్,

నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. నాది కూడా నీకు మంగళవారమే వచ్చి ఉంటుంది. శుక్రవారం సాయంత్రం డబ్బాలో పడ్డ ఉత్తరం శనివారం దారిలో ఉంటుంది, ఆదివారం కదలదు, సోమవారం లేబర్ డే సెలవు. సాయంత్రం వేసింది మర్నాటికి అందదని, జన్మంతా ఉత్తరాలు మోసిన నేనే మర్చిపోయాను. రిటైరయ్యాక అన్ని రోజులూ సెలవులైపోయి, ఉత్తరం ఏ రోజు కదులుతుందో, ఏ రోజు కదలదో కూడా గుర్తుండడం లేదు.

కార్డు నువ్వూ పంపలేదు, నేనూ పంపలేదు. మనల్ని ఎనిమిదో స్థానానికి నెట్టారు. విల్మర్ ఇంట్లో తలుపు పక్కన, చెప్పులు విడిచే చోట కూర్చున్నాను.

తర్వాత విల్మర్ కార్డులు ఒక్కొక్కటే తీసి చదివాడు. మొదటిది ప్రాస్. రెండోది రిసీవరు. మూడోది రిసీవరు. చదువుతున్నకొద్దీ అందరూ ఒకళ్ళ వంక ఒకళ్ళు చూడ్డం మానేసి నేల వంక చూడ్డం మొదలుపెట్టారు. హాల్లో బల్లలు పట్టుకుని నవ్వినవాళ్ళంతా ఇంటికెళ్ళి, భార్యలకు కూడా చెప్పకుండా, నువ్వు రాసినట్టే చేశారు. విల్మర్ కూడా.

"నార్బర్ట్, ఇక నువ్వే" అన్నాడు, గొంతు సవరించుకుని.

"ఓక్స్ ఉన్నాడా?" అన్నాను.

"...ఉన్నాడు."

"అయితే వాడే."

ఎవరో బీరు సీసా మూత తీశారు, అంతే.

ఇట్లు,
మావయ్య

తా.క. ఈ సంగతి చెబితే అత్తయ్య నా బ్రాందీ తీసుకుని తనే తాగేసింది. ఆనందం కాబోలు.


గ్రీన్ బే పక్క పల్లె
జనవరి

మా ఇంటికి తలుపు నిలబెట్టిన ఎమెట్‌కు, అత్తయ్య రాయునది.

ఈసారి మావయ్య ఉత్తరం అడుగున దూరడం లేదు. నా కాగితం, నా కవరు.

మీ జట్టు మొదటి స్థానంలో వచ్చిందని నీకు తెలుసు. ఓక్స్‌కు ఈ ఏడు గోరు కూడా విరగలేదు. ఆఖరున వచ్చింది విల్మర్. ఆయన భార్య ఊదా తలుపు ముందు నిలబడి ఫోటో దిగి నాకు పంపింది. ఆవిడ ముఖంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఎందుకంటావా? మా తలుపుకు ఊదా పోయి తెల్ల రంగు పడ్డ తర్వాతి ఆదివారమే లీగంతా బూట్లకు మంచు పట్టించుకుని నా షెడ్డులో దిగింది. ఎనిమిది మంది ముసలివాళ్ళు, ఒక టీవీ. సాసేజీలు నేనే ఉడకబెట్టాలి. "డొలోరిస్, ఆవ ముద్ద అయిపోయింది." "డొలోరిస్, ఉల్లిపాయలేవి?" "డొలోరిస్, అది ఫౌలా కాదా నువ్వే చెప్పు."

ఊదా తలుపున్న రెండేళ్ళూ వాళ్ళందరూ విల్మర్ ఇంటి మీద పడ్డారు, ఆదివారాలు నావి. పక్కింటి ఆడవాళ్ళతో పేకాడేదాన్ని. కునుకు తీసేదాన్ని. నేను తలెత్తుకోలేకపోతున్నానని మీ మావయ్య రాశాడు చూడు, నేను తలగడ మీద నుంచి ఎత్తలేదు, అంతే. మూడో ఏడు కూడా దక్కించుకోవాలని, మీరిద్దరూ ఒకరి కోసం ఒకరు తగ్గేట్టు చేశాను. తగ్గారు కూడా, బంగారం లాంటి మనుషులు. ఏ కార్డూ వెళ్ళకపోతే మునుగుతారనుకున్నాను. కానీ ఊళ్ళో మగాళ్ళంతా నీ మాట వింటారని నేనెలా అనుకుంటాను? ఇన్నేళ్ళలో వాళ్ళు ఎవరి మాటా వినగా చూడలేదు.

ఇప్పుడు సంగతేమిటంటే, అందరూ నీ మాట విన్నారు కాబట్టే తనకు ఓక్స్ మిగిలాడని, నీ లెక్కలే గొప్పవని మావయ్యకు గురి కుదిరింది. వచ్చే ఏడు మొదట రిసీవర్నే తీసుకుంటానంటున్నాడు. అలా అయితే మళ్ళీ గెలుస్తాడు. కాబట్టి నువ్వు మనసు మార్చుకున్నానని, పరుగువాణ్ణి మొదట్లోనే తీసుకోవడమే శాస్త్రమని, ఓక్స్‌తో అది రుజువైందని, బాగా పొడుగ్గా రాయి. మొదటి ఎంపికకే. వీలైతే నువ్వు పేరు చెప్పే ఆ పరుగు కుర్రాడికి మోకాలి నొప్పి ఎప్పటినుంచో ఉండాలి.

ప్రేమతో,
డొలోరిస్ అత్తయ్య

తా.క. తిండి పోలికలు పెట్టడం మర్చిపోకు. ఆయన చదివేది వాటికోసమే.

తా.క. మళ్ళీ: హాల్లో పైకి చదవద్దని కూడా రాయి. అలా రాస్తే తప్పకుండా చదువుతాడు. అప్పుడు విల్మర్ కూడా విని రహస్యంగా నీ మాటే చేస్తాడు, ఊదా తలుపు నాకు దక్కకపోతే ఆయన భార్య అయినా బాగుపడుతుంది.