అప్పుడే అయిపోయిందా, అయ్యగారూ

తాటిపాక,
ఆదివారం మధ్యాహ్నం

క్రీస్తునందు ప్రియులైన క్రాంతికుమార్ అయ్యగారికి,

సంఘ పెద్ద, రిటైర్డ్ హెడ్మాస్టర్ శ్యామ్ బాబు వందనాలు. ఈ ఉదయం మన మందిరంలో మీ మొదటి ప్రసంగం పన్నెండు నిమిషాల్లో ముగిసింది. ఇది మీవల్ల కాదని, వేరే పని చూసుకుంటారని విన్నాను. అలా చేయకండి. ఏడాదిన్నరగా పాస్టరు లేని సంఘం మాది. నాకైతే 'అప్పుడే అయిపోయిందా' అనిపించింది. ఎదురుగా చెబితే మొహమాటపడతారని రాస్తున్నాను.

మీ క్షేమం కోరే
శ్యామ్ బాబు

తా.క. సత్తిబాబు గారు కళ్లు మూసుకున్నది ప్రార్థన కోసమే. గురక కూడా అందులో భాగమే.

*

ప్రియమైన మాస్టారికి వందనాలు.

సర్దిన పెట్టె విప్పేశాను. భయంతో ప్రసంగంలో ముప్పావు వంతు మింగేశాను. అది మీకు చాలలేదని తెలిసి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. వచ్చే ఆదివారం గంటన్నర చెబుతాను.

మీ
క్రాంతికుమార్

తా.క. మీ ఉత్తరం చదివి నా భార్య స్టెల్లా, "మాస్టారు మంచోరండీ, కానీ ఇలాంటివి ఇంక రాయొద్దని చెప్పండి" అంది.

*

అయ్యగారికి వందనాలు.

గంటన్నర అన్నారు, రెండు గంటలు చెప్పారు. చాలా బాగుంది. చిన్న మాట. పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు, పిల్లలకు ఆకలి. అయినా మీరేమీ అనుకోకండి, వినేకొద్దీ వినాలనిపించింది.

మీ
శ్యామ్ బాబు

తా.క. సత్తెమ్మ గారు ఇల్లు చేరేసరికి మసాలా పట్టించి పెట్టిన కోడిని పిల్లి తినేసిందట. ఆవిడ మిమ్మల్ని ఏమీ అనలేదు. పిల్లినే అన్నారు.

*

మాస్టారికి వందనాలు.

మంచి సంగతి గుర్తు చేశారు. బెంచీలకు పరుపులు కుట్టిస్తున్నాను. పిల్లలకు బిస్కెట్లు. ఇక మూడు గంటలైనా హాయిగా కూర్చోవచ్చు.

మీ
క్రాంతికుమార్

తా.క. మధ్యలో టీ.

*

అయ్యగారికి,

క్షమించండి. మన వైపు చుట్టం కడుపు నిండా తిన్నా 'ఏమీ తినలేదండీ' అంటాం. నేను రాసింది అలాంటిదే. ఇప్పుడు మీ మూడు గంటల మాట విని సంఘమంతా మా అరుగు మీద కూర్చుంది. సత్తిబాబు గారైతే, "మీరే ఎక్కించేరు, మీరే దింపండి" అన్నారు. ప్రసంగం అరగంట చాలు. కానీ ఇది చదివి మీరు మళ్లీ పెట్టె సర్దుకుంటే నేను తట్టుకోలేను. మీరు ఇక్కడే ఉండాలి. ఈ మాట మర్యాదకి అన్నది కాదు.

సిగ్గుపడుతున్న
శ్యామ్ బాబు

తా.క. పరుపులు మాత్రం ఉంచండి.

*

మాస్టారూ,

రెండు గంటలు ఎవరికీ బాగోదని నాకు ఆ రోజే తెలుసు. స్టెల్లా ముందు బెంచీలోంచి వాచీ చూపిస్తూనే ఉంది. నా గొంతు కూడా పోయింది. కానీ ఆ మొదటి ఆదివారం అందరూ వెళ్లిపోయాక, తలుపులు వేసేదాకా మీరొక్కరే కూర్చున్నారు. మీ ఇంటావిడ దీనమ్మ గారు పోయాక ఆదివారం పూట మీకు ఇంటికి వెళ్లబుద్ధి కావడం లేదని ఎవరో చెప్పారు. ఆ సాయంత్రమే 'అప్పుడే అయిపోయిందా' అని మీ ఉత్తరం వచ్చింది. ఎందుకూ పనికిరాననుకున్న నేను, ఒక మనిషినైనా ఇంకాసేపు కూర్చోబెట్టగలను అనుకున్నాను. అందుకే ఉండిపోయాను. మీ కోసం నేను సాగదీశాను, నా కోసం మీరు భరించారు, మధ్యలో సంఘం నలిగిపోయింది.

ఇక నుంచి అరగంటే. ఆ తర్వాత ప్రతి ఆదివారం మీ భోజనం మా ఇంట్లో.

మీ
క్రాంతికుమార్

తా.క. స్టెల్లా చేసిన కూర బాగుందని ఒక్కసారే అనండి. రెండోసారి అన్నారంటే వారమంతా నేను అదే తినాలి.