ఇంటూ గుర్తు పెట్టిన కాగితం

పెద్దోడా,

వంట చేసి మూత పెట్టాను, తిను. మధ్యాహ్నం గ్యాస్ బండ వస్తుంది. ఖాళీది గుమ్మం బయట పెట్టు.

ఫ్రిజ్ మీద నువ్వు పెట్టిపోయిన బ్యాంకు కాగితం చదివాను. రెండు పేజీలకు రెండు రోజులు పట్టింది. "ఏం లేదమ్మా, ఊరికే! ఇంటూ పెట్టినచోట వేలిముద్ర వేసెయ్" అన్నావు. ఊరికే కాదు. మీ నాన్న నాకోసమని దాచిన డిపాజిట్ మొత్తం నీ ఖాతాలోకి పోతుందని అందులో రాసి ఉంది.

మీ నాన్న పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఎదురింటి టీచరమ్మ దగ్గరికి కబుర్లకు వెళ్తున్నాననుకున్నావు. అక్షరాలకు వెళ్లాను. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

ఇప్పుడు బ్యాంకుకు వెళ్తున్నాను. మీ నాన్న మరణ ధ్రువపత్రం నా సంచిలోనే ఉంది, ఇల్లంతా వెతక్కు. డిపాజిట్ నా పేరుకు మార్పించుకుంటాను. వేలిముద్ర వెయ్యను, సంతకం పెడతాను. నామినీగా నీ పేరే రాయిస్తాను. నా తర్వాత ఎలాగూ నీదే. నాకు తొందరేమీ లేదు.

అమ్మ

ఇంకో మాట. డబ్బు అవసరమైతే కాగితాలు పెట్టకు, నోరు తెరిచి అడుగు. కన్నకొడుకు అడిగితే లేదనడం నాకింకా రాలేదు.