మానిటర్ మీద దస్తీ

12 జూన్ 2002, బుధవారం
యాదగిరితో మాటలు లేక నెల. అబిడ్స్‌లో ఇంత చిన్న ఆఫీసు, పక్కపక్క కుర్చీలు, మోచేతులు తగులుతాయి. అయినా మాట్లాడను. ఫైలు ఎవరు రాస్తుంటే వాళ్ల మానిటర్ మీద దస్తీ — బస్సు సీటు మీద రుమాలు వేసినట్టే. అది ఉన్నంతసేపు రెండోవాళ్లు ఆ ఫైలు ముట్టకూడదు. పోయిన నెల మెదక్ వెళ్తూ నాది వేసే వెళ్లాను. తీసేశాడు. తన కాపీ నా కాపీ మీద ఎక్కించాడు. నాలుగు రోజుల పని గంగపాలు. "దస్తీ కనవడలే అక్కా" అట. కళ్లు ఏమయ్యాయో.

శనివారం నాంపల్లి దవాఖానలో చూపించాలి, మందుల చీటీ రాసే ప్రోగ్రాం. ఈసారి పోతే మళ్లీ రాసే టైం లేదు.

13, గురువారం
సార్ మా కంప్యూటర్లలో సీవీఎస్ అని కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఒకే ఫైలు ఇద్దరూ ఒకేసారి రాయొచ్చట, అదే కలుపుతుందట. "ఇగ దస్తీలు జేబుల వెట్టుకోన్రి" అన్నారు. నాకు నమ్మకం లేదు. ఫ్లాపీలో ఒక కాపీ దాచుకున్నాను.

14, శుక్రవారం
యాదగిరి తను రాసింది ముందే సీవీఎస్‌కు పంపేశాడు. నాది పంపబోతే అది ఒప్పుకోలేదు, అతనిది తెచ్చుకొని కలుపుకోమంది. తెచ్చాను. కాన్‌ఫ్లిక్ట్ అని వచ్చింది, ఇద్దరం ఒకే చోట రాశామట. మళ్లీ పోయిందనుకున్నా...

పోలేదు. ఒక్క అక్షరం పోలేదు. గీతలు పెట్టి పైన నాది, కింద అతనిది, రెండూ అట్లాగే ఉన్నాయి. ఏది ఉంచాలో మమ్మల్నే తేల్చుకోమంటోంది. నాది పిల్లల బరువును బట్టి డోసు. అతనిది, ఆ మనిషికి పడని మందైతే చీటీ ఆపేయడం.

కుర్చీ జరుపుకొని వచ్చాడు. "నీది తీసెయ్యకు అక్కా. రెండూ గావాలె. గాని పడని మందు ముందుగాల చూడాలె. పడకుంటే ఇగ డోసెందుకు?"

నిజమే. నేనొక్కదాన్నే అయితే నాదే ముందు పెట్టేదాన్ని. "ఔ" అన్నాను. నెల తర్వాత మొదటి మాట.

15, శనివారం
పనిచేసింది. అక్కడి నర్సమ్మ తన చిన్న కొడుకు వివరాలు ఎక్కించి, కావాలనే వాడికి పడని మందు కొట్టి చూసింది. చీటీ ఆగింది. వేరే మందు కొడితే బరువుకు సరిపడా డోసు వచ్చింది. ప్రాణం లేచి వచ్చింది. దేవునికి స్తోత్రం. అబిడ్స్ దాకా నడిచే వచ్చాం, ఎండ తెలియలేదు.

16, ఆదివారం
చర్చి నుంచి వచ్చి పడుకున్నా. ఎన్నాళ్లకో ఇంత నిద్ర.

17, సోమవారం
మానిటర్ వైరు ఊడితే టేబుల్ జరిపాను. గోడ పక్కన దుమ్ములో నా దస్తీ. మూలన నేను కుట్టిన నీలం పువ్వు. తలెత్తి చూశాను — సరిగ్గా మానిటర్ మీదే ఫ్యాను.

అతను తీయలేదు.

గబుక్కున బ్యాగులో వేసుకున్నా. "ఏందక్కా, దొరికిందా వైరు?" అన్నాడు. దొరికిందన్నాను. అంతే అన్నాను...

ఉతికి ఆరేశా. రేపు అతని ముందు పెట్టి చెప్పాలి. ఏమని మొదలుపెట్టాలి —