హీటరు చెడిపోలేదు తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సమాధి దగ్గరికి రాలేకపోయాను. బూర్గంపాడు దగ్గరి మా చిన్న దవాఖానాలో పొద్దున్నుంచీ నర్సును నేనొక్కదాన్నే. నడుము పడిపోతోంది.

కాన్పు గదిలో ఒకమ్మాయి నొప్పులు పడుతుంటే ఆయా పరుగున వచ్చింది. "సిస్టరమ్మా, హీటర్ ఖరాబైంది. గంటాయె, నీళ్లు మరుగుతలేవు. కత్తెర ఎట్ల ఉడకబెట్టాలె?"

మెకానిక్‌కు ఫోన్ చేస్తే, "కాయిల్ పోయింటది. ఊడదీసి పెట్టుండ్రి, రేపొస్త" అన్నాడు.

ఊడదీయబోయి ఆగాను. నా దగ్గర దాచుకున్న నీ మీటరు తెచ్చి చూస్తే వోల్టేజి 184, కరెంటు 4 ఆంపియర్లు. "భాగిస్తే రెసిస్టెన్స్, గుణిస్తే పవర్. గింతే అక్కా" అనేవాడివి కదా. భాగిస్తే 46 ఓములు వచ్చింది. హీటరు కొత్తలో 230 వోల్టులకు 5 ఆంపియర్లు చూసి నువ్వు డబ్బా మీద రాసిందీ 46 ఓములే. అంటే కాయిల్ బాగానే ఉంది. గుణిస్తే మాత్రం 736 వాట్లే. అప్పుడు 1150 ఉండేది. వోల్టేజి పడిపోయి వేడి తగ్గింది, అంతే.

"కత్తెర మునిగేటన్ని నీళ్లుంచి మిగతావి తీసెయ్. మూత పెట్టు" అన్నాను ఆయాతో. కాసేపటికి మరిగాయి. ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

"గీ లెక్కలు నీకెవరు నేర్పిండ్రమ్మా?" అని, నేను మీటరు చూసి లెక్క కట్టడం గమనించిన పిల్ల అమ్మమ్మ అడిగింది.

"మా తమ్ముడు."

"ఏం చేస్తడు?"

"కరెంటు పని" అన్నాను. అంతకు మించి చెప్పే ఓపిక లేకపోయింది.

మీ అక్క