కత్తిరించిన రేకులు

పలమనేరు, గురువారం

మంగమ్మత్త నా మంచికే చేసింది. ఏం చేయాలో నాకే తోచడం లేదు.

హైబ్రిడ్ టమోటా విత్తనాల తోటలో నా పని ఇదీ: మొగ్గలో ఉన్న పుప్పొడి తీసేసి, వేరే రకం పుప్పొడి అద్ది, గుర్తు కోసం పువ్వు వెనకాల పచ్చరేకులు రెండు కత్తిరించాలి. పోయిన వారం జ్వరమొచ్చి రెండు రోజులు పోలేదు. అక్కడే కలుపు తీసే అత్త ఈరోజు సంబరంగా చెప్పింది.

"నువ్వు రాలేదని ఎవురికీ తెలీకుండా నీ సాళ్లో నేనే కత్తిరించినాను పాపా."

"పుప్పొడి అద్దినావా అత్తా?"

"అదేంది? రెండు రేకులు కత్తిరించేదే గదా మీ పని."

వేరే పుప్పొడి అద్దకపోయినా టమోటా పువ్వు తన పుప్పొడితోనే కాస్తుంది. ఇప్పుడు సాలంతా పిందెలు. అన్నిటికీ రెండేసి రేకులు కత్తిరించే ఉన్నాయి. ఏవి నావో, ఏవి అత్తవో నేనే చెప్పలేను. చెబితే సాలంతా పీకించి అత్తను పనిలోంచి తీసేస్తారు. చెప్పకపోతే ఆ కల్తీ విత్తనం ఎవరో నమ్మి నాటుకుంటారు. మా నాయనే నాటొచ్చు.

ఇంటికొచ్చేటప్పుడు అత్త నా నుదురు తాకి చూసింది. "మళ్లీ ఒళ్లు బాగలేకుంటే చెప్పు పాపా, నేనుండాను గదా."

సరేనన్నాను.